రెండు లీటర్ల వెట్ గ్రైండర్: కడగడం ఎంత తేలికో చూసి కొనండి

వెట్ గ్రైండర్ కొనడానికి వెళ్లినవాళ్లు దుకాణంలో మొదట అడిగేది, పిండి మెత్తగా వస్తుందా అని. వస్తుంది. గ్రానైట్ రాళ్లు అమర్చిన గ్రైండర్ ఏదైనా, మరీ నాసిరకం కాకపోతే, మెత్తగానే రుబ్బుతుంది. ఉద్యోగానికి వెళ్లే తల్లి అడగవలసింది వేరు. పిండి తీశాక ఆ రాళ్లు ఎలా కడగాలి, ఎక్కడ పెట్టి కడగాలి, ఎంతసేపు పడుతుంది? వీటికి సరైన జవాబు లేని గ్రైండర్ ఎంత ఖరీదైనదైనా కొన్ని నెలల్లో అటక ఎక్కుతుంది. మా వీధిలోనే అలా అటక ఎక్కినవి ఉన్నాయి. మాది మాత్రం ఇప్పటికీ వంటగది గట్టు మీదే ఉంది, వారం వారం తిరుగుతోంది. అందుకు కారణాలూ, దానిలో నాకు నచ్చనివీ వివరంగా రాస్తున్నాను.

మేము తిరుపతిలో కొర్లగుంటలో ఉంటాం. నేను రేణిగుంటలో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తాను. మా ఆయనది శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం. ఒక వారం తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి, ఇంకో వారం అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతారు. పాప ఒకటో తరగతి. బాబుకు మూడేళ్లు, పగలంతా క్రెష్‌లో ఉంటాడు. పాప ఆటో ఏడూ ముప్పావుకు వచ్చి గేటు ముందు ఆగుతుంది. అంతలోపు ఇద్దరికీ స్నానాలు, జడలు, టిఫిను, పాప డబ్బా, బాబు సంచిలో పాలసీసా, మార్చే బట్టలు, నా చీర, నా డబ్బా. చాలా రోజులు ఈ పనులన్నీ ఒక్కదాన్నే చూసుకోవాలి.

అలాంటి ఉదయాల్లో ఇడ్లీకి ఉన్న గొప్పతనం ఒకటుంది. పాత్రలో నీళ్లు పోసి, ప్లేట్లలో పిండి వేసి, పొయ్యి మీద పెట్టి మూత వేశాక పది పన్నెండు నిమిషాలు దాని దగ్గర మనం నిలబడనక్కర్లేదు. ఆ సమయంలో ఒక పిల్లకు స్నానం అయిపోతుంది. ఉప్మా అలా కాదు, కలుపుతూ ఉండాలి. పూరీ సంగతి చెప్పనే అక్కర్లేదు, నూనె మూకుడు పక్కన మూడేళ్ల పిల్లవాడిని పెట్టుకుని ఎవరూ చేయకూడదు. పైగా ఇడ్లీ మిగిలితే నేతిలో పొడి కలిపి ముక్కలుగా పాప డబ్బాలోకి వెళ్తుంది. కాబట్టి మా ఇంట్లో వారం సాఫీగా నడవాలంటే సోమవారం పొద్దున ఫ్రిజ్‌లో మంచి పిండి ఉండాలి. నేను గ్రైండర్ కొన్నది అందుకే.

ముందుగా ఒక మాట. మీ ఇంట్లో ఇడ్లీ రవ్వ వాడకం ఉంటే గ్రైండర్ మీద అంత డబ్బు పెట్టే ముందు ఆగి ఆలోచించండి. మా అమ్మవాళ్లది ఒంగోలు. అక్కడ మినప్పప్పు ఒక్కటే రుబ్బి, కడిగి పిండిన రవ్వలో కలుపుతారు. ఒక గ్లాసు పప్పు రుబ్బడానికి మంచి మిక్సీ చాలు, మా అమ్మ ఇప్పటికీ అలాగే చేస్తుంది. అత్తవారిది చిత్తూరు. ఇక్కడ పద్ధతి వేరు, ఉప్పుడు బియ్యం నానబోసి పప్పుతో పాటు బియ్యమూ రుబ్బుతారు. నాలుగు గ్లాసుల నానిన బియ్యం మిక్సీలో వేయడం అంటే జారు నింపడం, తీయడం, మళ్లీ నింపడం, మధ్యలో జారు వేడెక్కితే ఆపడం. గ్రైండర్ అవసరం ఈ రెండో పద్ధతి వాళ్లకే ఎక్కువ.

మిక్సీ పిండికీ గ్రైండర్ పిండికీ తేడా రాయి మహిమ అని పెద్దవాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల సార్లు తిరిగి పప్పును కోస్తుంది, ఆ వేగానికి పిండి వేడెక్కుతుంది. గ్రైండర్‌లో రాళ్లు నింపాదిగా తిరుగుతూ పప్పును నలుపుతాయి. నలిగేకొద్దీ గాలి కలిసి మినపపిండి నురగలా పొంగుతుంది. రాత్రి పిండి పులిసేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచేది ఆ మినపపిండే. అది సరిగ్గా నలగకపోతే వాయువు నిలవదు, ఇడ్లీ గట్టిపడుతుంది. గ్రైండర్‌కు మారాక నేను వేసే పప్పు తగ్గింది. మిక్సీలో మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు పడితే, ఇందులో నాలుగు గ్లాసులకు ఒక గ్లాసు చాలు. మినప్పప్పు ధరలు చూస్తున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇక నేను కొన్న రకం. రెండు లీటర్ల టేబుల్ టాప్, వంచే రకం. దుకాణాల్లో దీన్ని టిల్టింగ్ అంటారు. స్టీలు డ్రమ్ము, అడుగున గ్రానైట్ రాయి, దాని మీద తిరిగే రెండు రోలర్ రాళ్లు, అంచుకు అంటుకున్న పిండిని లోపలికి తోసే ప్లాస్టిక్ పలక. కింద మోటారు, మోటారు నుంచి డ్రమ్ముకు బెల్టు. మోటారు 150 వాట్లు. గంటసేపు నడిచినా 0.15 యూనిట్ మాత్రమే, కరెంటు బిల్లు గురించి బెంగ పడనక్కర్లేదు. ధర ఆరున్నర వేలు. మనకు దొరికే గ్రైండర్లు చాలావరకు కోయంబత్తూరు నుంచి వస్తాయి; కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ రకంలో చాలా కంపెనీల తయారీ ఒకేలా ఉంటుంది, నేను చెప్పే మంచి చెడ్డలు రకానికి సంబంధించినవి.

రెండు లీటర్లంటే ఎంత? డ్రమ్ము నిండుగా రెండు లీటర్లు, అంచు దాకా నింపి రుబ్బలేం. నాలుగు గ్లాసుల బియ్యం, అంటే ముప్పాతిక కిలో, ఒక విడతలో హాయిగా నలుగుతుంది. ఐదో గ్లాసు వేస్తే పిండి అంచు దాటి చిమ్ముతుంది. నలుగురు ఉన్న ఇంటికి నాలుగు రోజుల టిఫినుకు ఇది సరిపోతుంది. అత్తమామలు, మరుదులు అందరూ కలిసి ఉండే ఇల్లయితే పెద్దది చూడండి.

కొత్త గ్రైండర్ ఇంటికి రాగానే అత్తయ్య చిత్తూరు నుంచి ఫోన్లో గట్టిగా చెప్పిన మాట ఒకటి ఇక్కడ తప్పకుండా చెప్పాలి. "మొదట తవుడు వేసి రుబ్బి పారబోయి. రాతి పొడి పిల్లల కడుపులోకి పోకూడదు." తవుడు దొరక్క పాత బియ్యం నానబోసి వేశాను. మొదటి విడత బూడిద రంగులో వచ్చింది. తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేసి పారబోశాను. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఈ సంగతి చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అది పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండవలసిన హెచ్చరిక.

మా ఆదివారం ఇలా నడుస్తుంది. భోజనాలకు ముందే బియ్యం ఒక గిన్నెలో, పప్పు, ఒక చెంచా మెంతులు ఇంకో గిన్నెలో నానబోస్తాను. సాయంత్రం ఐదుకు మొదలు. ముందు పప్పు. నీళ్లన్నీ ఒకేసారి పోయకూడదు, కొంచెం కొంచెంగా చిలకరించాలి. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లే పోస్తాను. నీళ్లు పోసే పని మా పాపది. గట్టుకు దూరంగా పీట మీద నిలబెట్టి, పొడుగు కాడ గరిటె ఇచ్చాను, చెయ్యి డ్రమ్ము దాకా వెళ్లకుండా. అరగంట అవుతుండగా ఒక గిన్నెలో నీళ్లు తెచ్చుకుని, నేను తీసి ఇచ్చిన పిండి ఉండను అందులో వదులుతుంది. మునిగితే ఇంకా నలగాలి. తేలితే "తేలిందమ్మా!" అని ఇల్లంతా వినబడేలా అరుస్తుంది. బాబు కూడా వాళ్ల అక్క వెనకాలే చేరి అదే మాట అరుస్తాడు, వాడికి ఏమి తేలిందో తెలియకపోయినా.

పప్పు తీశాక బియ్యం. ఇది ఇరవై నిమిషాలు, మరీ వెన్నలా కాకుండా వేలికి సన్న రవ్వ తగిలేలా ఉండగానే ఆపేస్తాను. రెండూ పెద్ద గిన్నెలో వేసి చేత్తో కలపాలి. గరిటెతో కలిపితే అత్తయ్య ఊరుకోరు.

ఈ గంటలో నేను గ్రైండర్ దగ్గర నిలబడేది పది నిమిషాలకు మించదు. తక్కిన సమయం అక్కడే కూర్చుని పాప హోంవర్క్ చూస్తాను, వారానికి సరిపడా యూనిఫారాలు మడత పెడతాను. పోయిన సంక్రాంతికి అత్తయ్య వచ్చినప్పుడు గ్రైండర్ తిరుగుతుంటే దాని పక్కనే కూర్చుని చాలాసేపు చూశారు. రోటి పిండి రుచే వేరని ఎప్పుడూ అనే మనిషి. ఆ రోజు వేరే మాట చెప్పారు. "నీ మొగుణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, ఒక చేత్తో పొత్రం తిప్పుతూ ఇంకో చేత్తో పిండి తోసేదాన్నమ్మా. వాడు ఏడిస్తే ఎత్తుకోవడానికి పిండి చేతులు. ఉద్దిపప్పు నలిగేదాకా లేవడానికి లేదు." తరవాత బాబును చూపించి, "నీకు రెండు చేతులూ ఖాళీయే కదా, వాణ్ణి ఎత్తుకో పో" అన్నారు. ఎత్తుకున్నాను. గ్రైండర్‌కు నేను ఇవ్వగలిగిన మెప్పు ఇంతకంటే లేదు.

ఇప్పుడు అసలు విషయం, కడగడం.

పిండి తీసిన వెంటనే, ఆలస్యం చేయకుండా, ఒక గ్లాసు నీళ్లు పోసి రెండు నిమిషాలు ఖాళీగా తిప్పుతాను. రాళ్లకు, పలకకు అంటిన పిండి చాలావరకు ఆ నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోయను, పిండి గట్టిగా ఉంటే అందులోనే కలుపుతాను, లేకపోతే కరివేపాకు మొక్క మొదట్లో పోస్తాను. తరవాత రోలర్ రాళ్లు బయటికి తీసి కుళాయి కింద పెట్టాలి. ఇక్కడే అందరూ వదిలేసే చోటు ఒకటుంది. రాయి మధ్యలో ఇరుసు దూరే రంధ్రం, దానికి తొడిగిన ప్లాస్టిక్ గొట్టం. ఆ రెండింటి మధ్య సందులోకి పిండి వెళ్తుంది. అది ఒక రాత్రి ఆరితే అతుక్కుపోతుంది, వారం ఉంటే పుల్లటి కంపు కొడుతుంది, మరుసటి ఆదివారం రుబ్బే పిండిలోకి ఆ కంపు దిగుతుంది. బాబు పాలసీసాలు కడిగే పొడుగు బ్రష్షు ఆ రంధ్రానికి సరిగ్గా సరిపోతుంది. దుకాణంలో దీనికని వేరే బ్రష్షు అమ్ముతారు, అవసరం లేదు.

డ్రమ్ము విషయంలో వంచే రకానికీ, ఎత్తి తీసే రకానికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఎత్తి తీసే రకంలో అడుగు రాయితో సహా డ్రమ్మును మోసుకుంటూ సింకు దాకా తీసుకెళ్లాలి. తడి చేతులు, కింద కాళ్లకు చుట్టుకునే పిల్లవాడు. నాకు రెండో కాన్పు ఆపరేషన్, ఆ తరవాత నడుము నొప్పి పూర్తిగా పోలేదు. వంచే రకంలో డ్రమ్మును ఎత్తే పని లేదు, పిడి వదులు చేసి ముందుకు వంచితే పిండి గిన్నెలోకి జారుతుంది. కడిగేటప్పుడు చెంబుతో నీళ్లు పోసి, పీచుతో రుద్ది, మళ్లీ వంచి బేసినులోకి వదలడమే. చివర పొడి గుడ్డతో తుడిచి, మూత వేయకుండా రాత్రంతా ఆరనివ్వాలి. మొత్తం పావుగంట.

వంచే రకం ధర ఎక్కువ, గట్టు మీద చోటు కూడా ఎక్కువ ఆక్రమిస్తుంది. అయినా నేను అదే కొనమని చెబుతాను, ముఖ్యంగా కాన్పు అయి ఏడాది రెండేళ్లు దాటని వాళ్లకు.

పావుగంటే కాబట్టి మా ఇంట్లో ఈ పని పంచుకోవడం కూడా సులువైంది. రుబ్బడం నాది, కడగడం మా ఆయనది. ఆదివారం ఆయనకు రెండో షిఫ్టు పడితే రెండూ నావే, అది వేరే సంగతి. ఆయన ఇంట్లో ఉన్నరోజు మాత్రం రాళ్లు తీసి బ్రష్షుతో సందులు తోమి, ఎండ తగిలే కిటికీ దగ్గర వరుసగా ఆరబెట్టేది ఆయనే. నాకంటే శుభ్రంగా కడుగుతారు. కొనేటప్పుడు భర్తను కూడా దుకాణానికి తీసుకెళ్లండి, రాళ్లు ఎలా తీయాలో, ఎలా బిగించాలో ఆయన చేతే చేయించి చూడండి. ఆ పని ఇంట్లో ఒక్కరికే తెలిస్తే ఎప్పటికీ ఆ ఒక్కరిదే అవుతుంది.

శబ్దం గురించి అడుగుతారు. మిక్సీలా చెవులు చిల్లులు పడే మోత కాదు, ఒకే స్థాయిలో బరబరమని సాగే శబ్దం. మిక్సీ వేస్తే ఉలిక్కిపడి లేచే మా బాబు గ్రైండర్ తిరుగుతుంటే పక్క గదిలో నిద్రపోతాడు. కానీ అది దాదాపు గంటసేపు సాగుతుంది. పలచటి గోడల అపార్ట్‌మెంటులో రాత్రి పదికి రుబ్బితే కింది ఇంటివాళ్లు ఓర్చుకోలేరు.

నాకు కోపం తెప్పించిన విషయాలకు వస్తాను. మొదటిది పిల్లల భద్రత. మిక్సీ జారు సరిగ్గా కూర్చోకపోతే చాలా కంపెనీల మిక్సీలు తిరగవు. మా గ్రైండర్‌కు అలాంటి ఏర్పాటే లేదు. మూత తీసి ఉన్నా తిరుగుతుంది, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టినా తిరుగుతూనే ఉంటుంది. డ్రమ్ము అంచు బయటికే ఉంటుంది. మూడేళ్ల పిల్లవాడికి తిరిగే వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా ఉండడు. చున్నీ, వదులుగా వేలాడే జడ, గాజులు, అన్నీ ప్రమాదమే. వంటింట్లో చిన్న పిల్లలు తిరుగుతారని తయారుచేసేవాళ్లకు తెలియదా? మూత మూస్తేనే మోటారు తిరిగేలా ఒక స్విచ్చు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. అది లేనంతవరకు నేను పాటించే నియమాలు ఇవి: గ్రైండర్ గట్టు లోపలి మూలలో ఉండాలి, గోడకు ఆనుకుని; రుబ్బడం అయిన మరుక్షణం ప్లగ్గు పీకెయ్యాలి, స్విచ్చు కట్టేస్తే సరిపోదు; పెద్దవాళ్లు వంటగదిలో లేకుండా అది ఒక్క నిమిషం కూడా తిరగకూడదు.

రెండోది తీగ పొడుగు. మరీ పొట్టి. మూలలో పెట్టాలంటే తీగ చాలదు, చాలేచోట పెడితే పిల్లవాడికి అందుతుంది. చివరకు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూలలో కొత్త ప్లగ్గు పాయింటు వేయించాం. గ్రైండర్ కొనేముందు మీ గట్టు దగ్గర ప్లగ్గు ఎక్కడుందో కొలుచుకోండి.

మూడోది బెల్టు, వారంటీ. వారంటీ కాగితం చదివితే రెండేళ్ల హామీ మోటారుకే. బెల్టు, పలక, రాళ్ల ప్లాస్టిక్ గొట్టాలు అందులో లేవు. మోటారు చెడిపోవడం అరుదు, అరిగిపోయేవి ఈ మూడే. మా బెల్టు తెగినప్పుడు కంపెనీ సేవా విభాగానికి ఫోన్ చేస్తే, మనిషి వస్తారు అన్నారు. వారం గడిచినా ఎవరూ రాలేదు. ఆ వారమంతా కొన్న పిండితో నెట్టుకొచ్చాం. చివరకు మా వీధి చివర మిక్సీలు బాగుచేసే పెద్దాయన వచ్చి, అడుగు పలక విప్పి, తన దగ్గరున్న బెల్టు వేసి పావుగంటలో తిప్పి చూపించారు. ఆయన పొద్దున వచ్చారు కాబట్టి బ్యాంకుకు సెలవు పెట్టనక్కర్లేకపోయింది. పని చేసే తల్లికి సేవా విభాగం అంటే నాకు తెలిసినంతలో అదే అర్థం, ఫోన్ చేస్తే చెప్పిన సమయానికి వచ్చే మనిషి.

డబ్బు లెక్క కూడా చెబుతాను. ఒక విడతకు ముప్పాతిక కిలో ఉప్పుడు బియ్యం, పావుకిలోకు కొంచెం తక్కువ పప్పు. మేము కొనే ధరలకు రెండూ కలిపి 65 రూపాయల దాకా అవుతుంది. దాదాపు రెండు కిలోల పిండి వస్తుంది. అదే పిండి మా వీధిలో కొంటే కిలో 50 లెక్కన 100 రూపాయలు. వారానికి 35 మిగులుతుంది. ఏడాదికి 1,800 పైచిలుకు. గ్రైండర్ ఖరీదు తిరిగి రావడానికి మూడున్నరేళ్లు పడుతుంది. కాబట్టి డబ్బు మిగులుతుందని కొనకండి. నేను కొన్నది పిండిలో ఏముందో నాకు తెలియాలని. బయటి పిండి ఒకరోజు బాగుంటుంది, ఇంకోరోజు సోడా రుచి నాలుకకు తగులుతుంది, వేసవిలో అయితే తెచ్చేసరికే పులిసిపోయి ఉంటుంది. పాపకు పుల్లటి ఇడ్లీ పెట్టి పంపితే డబ్బా అలాగే తిరిగి వస్తుంది. తల్లికి మధ్యాహ్నమంతా బ్యాంకు కౌంటరులో కూర్చున్నా మనసు ఆ డబ్బా మీదే ఉంటుంది.

పులియడం గురించి తిరుపతివాళ్లకు ప్రత్యేకంగా. మేలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా గదులు చల్లబడవు. సాయంత్రం ఆరుకు కలిపిన పిండి పదకొండుకల్లా పొంగిపోతుంది. రాత్రంతా బయట ఉంచితే గిన్నె దాటి గట్టు మీదికి వస్తుంది. అందుకని ఎండాకాలంలో పడుకునే ముందే ఫ్రిజ్‌లో పెట్టేయండి. గిన్నెలో సగానికి మించి నింపకండి. డిసెంబరు, జనవరిలో ఇదే పిండికి పది పన్నెండు గంటలు పడుతుంది, పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచితే పొద్దుటికి సరిపోతుంది.

మా ఇంట్లో ఒకే పిండి నాలుగు రోజులు నాలుగు తీర్లుగా వెళ్తుంది. సోమ, మంగళవారాలు ఇడ్లీ. బుధవారానికి పిండి కొంచెం పులుస్తుంది, నీళ్లు కలిపి దోసె, పెద్దవాళ్లకు పైన ఎర్రకారం, పిల్లలకు నెయ్యి. గురువారానికి మిగిలింది ఇంకా పులుస్తుంది. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, క్యారెట్ తురుము వేసి గుంత పొంగణాలు. మా పిల్లలిద్దరూ క్యారెట్ తినేది అందులోనే. రాయలసీమ ఇళ్లలో పొంగణాల పెనం లేని వంటగది ఉండదు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు గ్రైండర్‌తో పాటే అది కూడా కొనుక్కోండి. బాబుకు మాత్రం కొన్ని వారాలు బియ్యంలో సగం తగ్గించి రాగులు నానబోసి రుబ్బుతాను. రాగులు బియ్యం కంటే ఎక్కువసేపు నానాలి, గ్రైండర్ వాటిని ఏ ఇబ్బందీ లేకుండా నలుపుతుంది.

ఇది చేయలేనివీ ఉన్నాయి. కొద్ది పరిమాణం దీనికి పనికిరాదు. అరగ్లాసు పప్పు వేస్తే అది అంచులకు అంటుకుని ఉండిపోతుంది, రాళ్లు దాని మీద వట్టిగా తిరుగుతాయి. కాబట్టి చట్నీలకు, ఊరిబిండికి, అల్లం వెల్లుల్లి ముద్దకు మిక్సీ ఎలాగూ కావాలి. గారెల పిండి చేయవచ్చు గానీ నీళ్లు పోయడంలో చెయ్యి చాలా పొదుపుగా ఉండాలి. రాళ్లు ఆగుతున్నాయని నాలుగు చుక్కలు ఎక్కువ వేస్తే పిండి జారిపోయి గారె నిలవదు. పండగ రోజు ఆ పనిని అత్తయ్యకే వదిలేస్తాను. పెట్టెలో కొబ్బరి తురిమే భాగం, చపాతీ పిండి కలిపే భాగం కూడా ఇచ్చారు. చపాతీ పిండిని బాగానే కలుపుతుంది, కానీ నాలుగు చపాతీల కోసం డ్రమ్ము కడగాలా? చేత్తోనే కలుపుకుంటున్నాను. కొబ్బరి తురిమేది పిల్లలున్న ఇంట్లో బయటికి తీయవద్దనే చెబుతాను, పళ్లు పదును.

దుకాణంలో చూడవలసినవి. గ్రైండర్‌ను ఖాళీగా కాకుండా నీళ్లు పోసి తిప్పించి చూడండి, అప్పుడే వణుకు తెలుస్తుంది. రోలర్ రాళ్లను మీ చేతులతోనే తీసి మళ్లీ బిగించండి. పలకను తీయడం వస్తుందో లేదో చూడండి, కొన్నింటిలో అది అతికించేసి ఉంటుంది, దాని వెనక పిండి చేరితే కడగడం కష్టం. వంచినప్పుడు మధ్యలో ఎక్కడైనా ఆగి నిలబడుతుందా, ఒక్కసారిగా ముందుకు పడిపోతుందా? మాది ఆగుతుంది. అదే దుకాణంలో చూసిన ఇంకో దానికి ఆ పట్టు లేదు; పిల్లవాడు పిడి లాగితే రాళ్లతో సహా వాడి మీదికి వస్తుంది. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఆఖరుగా బెల్టు మీద అచ్చువేసిన కొలతను దుకాణంలోనే అడిగి, బిల్లు వెనక రాయించుకోండి. మా బెల్టు తెగినప్పుడు ఆ కొలత చెరిగిపోయి ఉంది, పెద్దాయన దగ్గర సరిపడేది దొరకడం మా అదృష్టం. ఇప్పుడు ఇంకో బెల్టు కొని గ్రైండర్ కిందే కవరులో పెట్టుకున్నాం.

మినప్పప్పు పొట్టు తీసిన గుళ్లే కొనండి, ముక్కల పప్పు కంటే ఎక్కువ పొంగుతుంది.